నా చేత్తో రాసిన ఆరేళ్లు

1967, ఏప్రిల్. బోధన్‌కు నాలుగు మైళ్ల అవతల, చెరుకు మళ్ల మధ్య ఒక ఊరు. ఆ ఊరి బడి మూడో తరగతి వరకే. రెండు గదులు, ముందు పెంకుల వసారా, ఇద్దరమే టీచర్లం. ఒకటి నుంచి మూడు దాకా పెద్ద సారు చెప్పేవారు. శిశు తరగతి నాది. ఒకటో తరగతికి ముందు ఏడాదిపాటు అక్షరాలు దిద్దించే తరగతిని అప్పట్లో అలా పిలిచేవాళ్లం. ఇప్పటివాళ్లు కేజీ అంటున్నది దాదాపు అదే, కాకపోతే మా దగ్గర బల్లలు లేవు, రంగుల బొమ్మలు లేవు, చాప కూడా సగం గదికే వచ్చేది.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. మాది నిజామాబాద్. నాన్న చిన్నప్పుడే పోతే అమ్మ బీడీలు చుట్టి నన్ను ట్రైనింగ్ దాకా చదివించింది. నా జీతం మీదే అమ్మ, తమ్ముడు బతుకుతున్నారు. ఉద్యోగంలో చేరి మూడేళ్లు కావస్తున్నా ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. అంటే పని నచ్చకపోతే ఇంటికి పంపేయవచ్చన్నమాట. అందుకని ఆ రోజుల్లో భయపడడం కూడా నా డ్యూటీలో భాగంగానే ఉండేది. తనిఖీకి వచ్చే డిప్టీ ఇన్‌స్పెక్టర్ గారంటే భయం, పెద్ద సారు దగ్గితే భయం, రిజిస్టర్‌లో సిరా చుక్క పడితే భయం. ఇవన్నీ ఇప్పుడు నవ్వుతూ చెప్పగలను. చెప్పబోయేది మాత్రం నవ్వుతూ చెప్పలేను.

ఏప్రిల్ వస్తే మాకు ప్రమోషన్ లిస్టు పని ఉండేది. ఎవరు పై తరగతికి వెళ్తారు, ఎవరు ఉన్న తరగతిలోనే ఉంటారు అని పేరు పేరునా రాసి డిప్టీ సారు సంతకానికి పంపాలి. ఉన్న తరగతిలోనే ఉంచేయడాన్ని డిటెన్షన్ అంటాం. మాట చిన్నదే. కానీ ఆ ఊళ్లో ఆడపిల్లకు డిటెన్షన్ అంటే చదువు అక్కడితో సరి. ఇంట్లో బీడీల చాట సిద్ధంగా ఉంటుంది, తునికాకు సిద్ధంగా ఉంటుంది. చుట్టిన బీడీ కొస ముడవడానికి చిన్న వేళ్లే బాగా పనికొస్తాయి.

ఆ ఏడు లిస్టులో అందరి పేర్లూ ఒక పూటలో రాసేశాను. ఒక్క పేరు దగ్గర కలం ఆగిపోయింది. గంగామణి.

గంగామణి తండ్రి చెరుకు ఆడే సీజన్‌లో చక్కెర ఫ్యాక్టరీ యార్డులో చెరుకు బండ్లు దించేవాడు. తల్లి రాజవ్వ బీడీలు చుట్టేది. ఆ పిల్లను రోజూ బడికి తెచ్చి దించేది అక్క లచ్చవ్వ. లచ్చవ్వ కూడా ఒకప్పుడు నా దగ్గరే చదివింది. 1965లో అక్షరాలు రాలేదని నేనే డిటెన్షన్ రాశాను. ఆ వారమే రాజవ్వ దాన్ని మాన్పించి చాట ముందు కూర్చోబెట్టింది. అలాంటివి చాలా జరిగేవి కాబట్టి నేనప్పుడు పెద్దగా బాధపడలేదు. దాచుకోవడం ఎందుకు, అదే నిజం.

గంగామణి చదువు విచిత్రంగా ఉండేది. వాచకం చేతికిస్తే మొదటి పేజీ నుంచి గడగడా చెప్పుకుపోయేది, ఎక్కడా ఆగేది కాదు. పెద్ద సారు ఒకసారి విని మెచ్చుకున్నారు కూడా. శిశు తరగతి చెప్పేవాళ్లకు ఒక చిన్న పరీక్ష తెలుసు. పుస్తకంలో బొమ్మ మీద అరచెయ్యి పెట్టి, కింద ఉన్న మాట చదవమంటాం. బొమ్మ చూసి చెప్పే పిల్ల అక్కడ దొరికిపోతుంది. నేను చెయ్యి పెట్టాను. ఆ పిల్ల అప్పుడు కూడా ఆగలేదు. పెదాలు తడారిపోతున్నా నోటికొచ్చిన మాట ఏదో ఒకటి అంటూనే ఉంది. నల్లబల్ల మీద ఒక్కొక్క అక్షరమే రాసి అడిగాను. పిల్ల అక్షరాన్ని చూడలేదు, నా ముఖం చూస్తూ కూర్చుంది. నా కనుబొమలు కదిలితే మాట మార్చేది. కాసేపటికి చాప తడిసింది. పక్క పిల్లలు ముక్కు మూసుకుని జరిగారు. నేను పాఠం ఆపేసి అందరినీ బయట ఆడుకోమన్నాను.

లిస్టు పంపడానికి నాలుగు రోజులుందనగా రాజవ్వ బడికి వచ్చింది. వేళ్లన్నీ పొగాకు రంగు. వసారా స్తంభం పక్కనే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు.

"టీచరమ్మా, నా బిడ్డ పాసైతదా? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"ఎందుకక్కా గంత ఫికర్?"

"ఫికర్ గాదా మరి? వాళ్ల బాపు ఒక్కటే మాట అన్నడు. పెద్దది తప్పింది, చిన్నది గూడ తప్పితే ఇగ బడి లేదు ఏం లేదు, ఇద్దరు కూసోని బీడీలు చేసుకోండ్రి అన్నడు. నాకేమో ఇదన్న సదువుకోవాలని ఉన్నది. అందుకే రోజు పొద్దుగూకంగ కూసోబెట్టి సదివిస్తున్న."

"నీకు చదువొస్తదా?"

"నాకేడొస్తది? పుస్తకం ముంగట పెట్టి సదువే అంట. ఆగితె కొడుత."

అప్పుడర్థమైంది నాకు, గంగామణి ఎందుకు ఆగదో. ఆగితే దెబ్బ. ఆ ఇంట్లో చదువంటే నోరు ఆడుతూ ఉండడమే. తల్లికి అక్షరం తెలియదు కాబట్టి పిల్ల ఏది అన్నా చదువే. "చూస్తలే అక్కా" అని పంపించేశాను.

పై తరగతికి రాస్తే ఏమవుతుంది? ఒకటో తరగతి పెద్ద సారుది. ఆయన చెడ్డవారు కాదు. ఉర్దూలో చదువుకుని, నలభై ఏళ్లు దాటాక తెలుగులో పాఠం చెప్పడం నేర్చుకున్న మనిషి. కానీ ఆయన బల్ల మీద బెత్తం ఉండేది, అది ఊరికే ఉండేది కాదు. చాప తడిపే పిల్ల ఆ గదిలో వారం కూడా నిలవదు. డిటెన్షన్ రాస్తే బడి ఆ రోజుతోనే ఆఖరు. ఎటు రాసినా ఆ పిల్లను పోగొట్టేది నేనే. పెద్ద సారు మాత్రం రెండు పూటలా అడుగుతున్నారు.

"ఏమ్మా, లిస్టు తయారైందా? జల్దీ చెయ్యి. డిప్టీ సారు దస్తఖత్ గావాలె."

ఇంకా రెండు రోజులుంది. మధ్యాహ్నం పిల్లలకు పాలపొడి పాలు పోసే వేళ ఒక పిల్లవాడికి ముందు పన్ను ఊడింది. పిల్లలకు అదొక పండగ. పన్నును పేడ ముద్దలో పెట్టి పెంకుల మీదికి విసిరారు. తర్వాత అందరూ వరసగా నోళ్లు తెరిచి ఎవరికెన్ని సందులున్నాయో లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు. గంగామణి కూడా నోరు తెరిచింది. ఒక్కటీ ఊడలేదు. బియ్యపు గింజల్లాంటి పళ్లు వరసగా, గట్టిగా ఉన్నాయి. పాలు పోసే పోశవ్వ వంగి చూసి నవ్వింది.

"దీని పాలపండ్లు ఇంక కదుల్తనే లెవ్వు టీచరమ్మా. వీళ్లందర్ల ఇది మస్తు చిన్నది. ఐదేండ్లన్న ఉన్నయో లెవ్వో!"

పోశవ్వ నవ్వుతూ గిన్నెలు కడగడానికి పోయింది. నేను గంగామణిని దగ్గరికి పిలిచి మళ్లీ నోరు తెరవమన్నాను. ఎందుకంటే అడ్మిషన్ రిజిస్టర్‌లో, అంటే పిల్లల్ని చేర్చుకునేటప్పుడు పేరూ వయసూ రాసే పుస్తకంలో, గంగామణికి ఆరేళ్లని కిందటి జూన్‌లోనే రాసి ఉంది. రాసింది నేను.

అప్పట్లో ఆ పల్లెల్లో పుట్టిన తేదీ ఎవరి దగ్గరా ఉండేది కాదు. పిల్లను నిలబెట్టి, కుడి చెయ్యి నెత్తి మీదుగా ఎడమ చెవికి అందుతుందో లేదో చూసేవాళ్లం. అందితే ఆరేళ్లు నిండినట్టు. ఊళ్లకు ఊళ్లు అలాగే బళ్లో చేరాయి. కానీ కిందటి జూన్‌లో మా బడికి పిల్లలు తక్కువయ్యారు. రోల్ స్ట్రెంత్, అంటే హాజరుపట్టీలో ఉండాల్సిన పిల్లల సంఖ్య, పడిపోతే రెండో టీచర్ పోస్టు ఎత్తేస్తారు. రెండో టీచర్ నేనే. ఇల్లిల్లూ తిరిగాను. రాజవ్వ ఇంటి ముందు గంగామణిని నిలబెట్టాను. పిల్ల వేళ్లు చెవి దాకా రాలేదు, కొంచెం పైనే ఆగిపోయాయి. నేను వంగి మోచెయ్యి మెల్లగా తోశాను. వేళ్లు చెవికి తగిలాయి. "ఆరు" అని రాసుకుని పక్కింటికి వెళ్లాను.

సాయంత్రం బడి వదిలాక అక్కాచెల్లెళ్ల వెంట రాజవ్వ ఇంటికి నడిచాను. ఆమె అరుగు మీద బీడీలు చుడుతోంది. మాటల్లో మాటగా అడిగాను.

"అక్కా, గంగామణి ఎప్పుడు పుట్టింది?"

"వాళ్ల బాపుకు ఫ్యాక్టరీల ఏలు నలిగిన సీజన్ల. గప్పుడు నేను బాలింతను. ఆయనకు నేనే కట్టు గట్టిన."

"అప్పటిసంది ఎన్ని సీజన్లయినయ్?"

ఆమె వేళ్లు మడిచింది. "ఇప్పటికి ఐదు. ఎందుకడుగుతున్నవ్?"

"ఊకెనే."

ఊకెనే అని లేచి వచ్చేశాను. ఐదేళ్లు. బళ్లో చేరేనాటికి నాలుగు. ఆ పిల్లకు చదువు రాకపోవడం కాదు, అక్షరం పట్టే వయసే ఇంకా రాలేదు. పాలపళ్ల పిల్లను ఆరేళ్ల వాళ్లతో కలిపి కూర్చోబెట్టి, ఏడాదంతా మొద్దు అనుకున్నాను. దారి పొడుగునా ఫ్యాక్టరీ గొట్టం నుంచి మసి రాలుతోంది. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

మర్నాడు పొద్దున పిల్లలు రాకముందే పెద్ద సారు ముందు నిలబడ్డాను.

"సార్, గంగామణి వయసు నేను తప్పు రాసిన."

"ఎంత తప్పు?"

"రెండేండ్లు."

ఆయన కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడిచారు, మళ్లీ పెట్టుకున్నారు. తిడతారనుకున్నాను. కానీ ఆయన గొంతు తగ్గించారు, అప్పుడు నాకింకా భయమేసింది.

"గీ మాట ఇంకెవ్వరికన్న చెప్పినవా?"

"లేదు సార్."

"చెప్పకు. రిజిస్టర్ల కొట్టేసి రాస్తె డిప్టీ సారు ఊకోడు. ఎవరు రాసిన్రు, ఏం జూసి రాసిన్రు, ఇంకెంతమందివి గిట్ల రాసిన్రు అంటడు. నీ నౌకరి ఇంక పక్కా గాలె. కింద నా దస్తఖత్ గూడ ఉన్నది."

"మరి పిల్ల సంగతి సార్?"

ఆయన రిజిస్టర్ తెరిచి ఆ పేజీ చూశారు. "పేరు కొట్టేద్దం. బడికి వస్తలేదు అని రాద్దం. జూన్ల కొత్తగ చేర్చుకో, ఐదేండ్లని రాయి, శిశు తరగతికి గంత చాలు. అప్పుడు తప్పినట్టు ఎక్కడ ఉండది."

"కొట్టేసినంక మల్ల రాకపోతె?"

"గది నువ్వు జూసుకోవాలె."

ఉపాయం మంచిదే. కానీ పేరు కొట్టేస్తే ఆ పిల్ల ఏ పుస్తకంలోనూ ఉండదు. మధ్యలో వేసవి రెండు నెలలు. ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగ్ ఆగిపోయి తండ్రి ఇంటి పట్టునే ఉంటాడు. ఖాళీగా ఉన్న చిన్న వేళ్లను ఆ ఇల్లు ఖాళీగా ఉంచుతుందా? అయినా వేరే దారి కనబడలేదు. పేరు మీద గీత గీశాను.

ఇక రాజవ్వకు చెప్పాలి. ఆ మధ్యాహ్నం వెళ్లేసరికి గంగామణి గోనె పట్టా మీద బొటనవేలు నోట్లో పెట్టుకుని నిద్రపోతోంది. లచ్చవ్వ బీడీల కొసలు ముడుస్తోంది.

"అక్కా, గంగామణి మొద్దు కాదు. చిన్నది. నేనే వయసు తప్పు రాసిన. బడిల చేరినప్పుడు దానికి నాలుగేండ్లే."

రాజవ్వ చేతులు ఆగలేదు. ఆకు చుట్టింది, దారం కట్టింది, చాటలో వేసింది. ఇంకో ఆకు తీసుకుంది. అది చేతిలోనే చిరిగిపోయింది.

"అంటె నాలుగేండ్ల పోరిని ఏడాదంత కొట్టిన్నా నేను?"

చిరిగిన ఆకును పక్కన పడేసింది.

"నువ్వు సూడకుంట రాసినవ్. నేను సూడకుంట కొట్టిన." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి కొంగు తీసి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంది, ఉండాల్సిందే. "ఇప్పుడేం జేద్దమంటవ్?"

"జూన్ల మల్ల పంపు. కొత్తగ చేర్చుకుంట. అప్పటిదాక పుస్తకం ముట్టనియ్యకు, కొట్టకు. బావకు తప్పిందని చెప్పకు, చిన్నదని చెప్పు."

"ఆయన ఇంటడో ఇనడో" అంది. పంపుతానని మాత్రం అనలేదు.

ఆ వేసవి నిజామాబాద్‌లో అమ్మ దగ్గరున్నాను. అమ్మ చాట ముందు కూర్చున్నప్పుడల్లా దాని పక్కన గంగామణి కూర్చున్నట్టే అనిపించేది. రెండుసార్లు బోధన్ బస్సు ఎక్కుదామని బయలుదేరి బస్టాండ్ నుంచే తిరిగి వచ్చాను. వెళ్లి చూస్తే, ఆ పిల్ల నిజంగానే చాట ముందు ఉంటే ఏం చెయ్యాలో నాకు తెలియదు మరి.

జూన్‌లో బడి తెరిచాం. మొదటి రోజు గంగామణి రాలేదు. రెండో రోజూ రాలేదు. రోడ్డు మీద ఏ చిన్న పిల్ల కనబడినా లేచి నిలబడుతున్నాను. పెద్ద సారు చూసీ చూడనట్టు ఉన్నారు. మూడో రోజు ప్రార్థన అయిపోయాక రాజవ్వ వచ్చింది. ఒక చేత్తో గంగామణిని, ఇంకో చేత్తో లచ్చవ్వను పట్టుకుని ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"వాళ్ల బాపు ఒప్పుకున్నడు. చిన్నదంటే సరే, ఒక్క యేడు సూద్దమన్నడు."

రిజిస్టర్ తెరిచి గంగామణి పేరు కొత్తగా రాశాను. వయసు దగ్గర ఐదు. ఆ అంకె అంత జాగ్రత్తగా ఎప్పుడూ రాయలేదు. రాసి తలెత్తితే రాజవ్వ ఇంకా అక్కడే ఉంది. లచ్చవ్వను ముందుకు జరిపింది.

"టీచరమ్మా, దీనిది గూడ జెర సూడు."

"దేనిది అక్కా?"

"దీని వయసు. గా యేడు దీన్ని తప్పించినవ్ గద. దీనికి గూడ తప్పు రాసినవేమో సూడు. గంగామణి కన్న రెండేండ్లె పెద్దది."

లచ్చవ్వ నా చేతిలోని పుస్తకం వైపు చూస్తోంది. నేను పేజీలు వెనక్కి తిప్పాను. 1964, జూన్. నేను ఉద్యోగంలో చేరిన నెల. అక్షరాలు నావే. లచ్చవ్వ, వయసు ఆరు. గంగామణికి ఇప్పుడు ఐదు, లచ్చవ్వకు ఏడు. మూడేళ్ల కింద నాలుగు. లెక్కకు వేళ్లు కూడా అక్కర్లేదు.

పక్క గదిలో పాఠం ఆగింది. పెద్ద సారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఒక్క తప్పయితే ఎలాగో గట్టెక్కాం. ఒకే ఇంట్లో రెండంటే, మిగిలిన ఇళ్ల మాటేమిటని ఊరు అడుగుతుంది. ఆ పుస్తకంలో మూడేళ్లుగా చేరిన పిల్లలంతా నా చేతి రాతలోనే ఉన్నారు. అమ్మ గుర్తొచ్చింది, తమ్ముడి ఫీజు గుర్తొచ్చింది.

"లచ్చవ్వది సరిగ్గనే రాసిన అక్కా" అన్నాను.

రాజవ్వ పెద్దగా ఊపిరి వదిలింది. "అయితె దీనికి రాదు, గంతె. పోనియ్. గీ రెండు నెల్ల సంది నాకు నిద్ర లేదు టీచరమ్మా, దీని బతుకు గూడ నేనే ఖరాబ్ చేసిన్నా అని."

లచ్చవ్వ చెల్లెలి ముక్కు తుడిచింది, పలక చేతికిచ్చింది. "బయపడకే, టీచరమ్మ కొట్టది" అని చెప్పి తల్లి వెనకే వెళ్లిపోయింది.

గంగామణికి దసరా కల్లా అక్షరాలన్నీ వచ్చాయి. సంక్రాంతి దాటాక బొమ్మ మీద చెయ్యి పెట్టినా చదివింది. తెలియని మాట దగ్గర ఆగి, నా ముఖం కాకుండా అక్షరం చూసి, కూడబలుక్కుని చదివింది. ఆ ఆగడం చూసి నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఒకటో తరగతికి రాసేటప్పుడు కలం ఎక్కడా ఆగలేదు.

ఉద్యోగం పక్కా అయ్యాక నేను పిల్లల్ని చెవి చూసి చేర్చుకోవడం మానేశాను. తల్లి పక్కన కూర్చుని, ఏ సీజన్‌లో పుట్టింది, అప్పుడు ఇంట్లో ఏం జరిగింది అని అడిగి రాసేదాన్ని. చదువులో వెనకబడిన పిల్ల అంటే మొదట ఎంత చిన్నదో చూడాలని గంగామణి వల్ల నేర్చుకున్నాను. వెనకబడ్డ పిల్లను అదే తరగతిలో ఉంచాలా వద్దా అని ఇప్పటికీ కుర్ర టీచర్లు నన్ను అడగడానికి వస్తుంటారు. నేను పిల్ల సంగతి తర్వాత అడుగుతాను. "ముందు నీకు దేనికి భయంగా ఉందో చెప్పు" అంటాను. ఆ భయం పక్కన పెట్టకపోతే పిల్ల కనబడదు. వయసు తప్పు రాయడం తెలియనితనం అని సరిపెట్టుకున్నాను. సరిగ్గానే రాశానని చెప్పడం మాత్రం తెలిసి చేసిన పని.

ఆ ఊళ్లో ఇంకా నాలుగేళ్లు ఉన్నాను. లచ్చవ్వ ప్రతి పొద్దునా చెల్లెల్ని తెచ్చి వసారాలో దించి, ఒక్క నిమిషం నిలబడి వెళ్లేది. "నీది కూడా తప్పే రాశాను, నీకు చదువొస్తుంది" అని చెప్పడానికి ఆ ఒక్క నిమిషం చాలు. అలాంటి నిమిషం నాకు రోజూ దొరికింది.